సుమ్మాదేవి నుంచి సముద్రం దాకా

పలాస దాటి బరంపురం వైపు వెళ్లే రైలులో కిటికీ పక్కన చోటు దొరికినవారు కూడా సుమ్మాదేవి స్టేషనును చూసివుండరు. పెద్ద బళ్లు అక్కడ ఆగవు. పలాసలో జీడిపప్పు పొట్లం కొని, చిల్లర సరిగా వుందో లేదో చూసుకుని తలెత్తేసరికి ఆ పేరు రాసిన బోర్డు కాస్తా వెనక్కి పోతుంది. పాసింజరు బండిలో వచ్చి పనిగట్టుకుని దిగినవారికే ఆ చోటు అందం తెలుస్తుంది. ఒకవైపు దూరాన తూర్పు కనుమలు, వాటి మధ్య 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి. మరోవైపు ఇసుక నేల, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఆ తోటలు దాటితే సముద్రం. కొండకూ కడలికీ మధ్య ఇంత ఇరుకైన పచ్చని పట్టీ మన తీరంలో అరుదు.

ఈ పట్టీ పేరే ఉద్దానం. విద్య అన్నమాట జనం నోట విద్దె అయినట్టే, ఉద్యానం కూడా ఉద్దానం అయిందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో ఈ తోటల సీమ పరచుకుని వుంది. కోనసీమ చూసినవారు దీన్ని దానితో పోల్చి మెచ్చుకుంటారు గాని, పోలిక పూర్తిగా కుదరదు. కోనసీమకు గోదావరి కాలవలున్నాయి. ఇక్కడ వున్నది ఇసుక, ఆ ఇసుక కింద బావినీరు, ఆ నీటిని చెట్టు మొదట్లో పోసిన మనిషి చెమట.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు సమీపాననే తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఇప్పుడు దారి పొడుగునా కనిపించే చిన్న వయస్సు కొబ్బరిచెట్లు ఆ తరువాత నాటినవే. కొబ్బరిమొక్క ఇవాళ నాటితే రేపు కాయదు. కాపుకు వచ్చేదాకా ఏళ్ల తరబడి కనిపెట్టుకుని వుండాలి. ఈ ఊళ్లవారికి కనిపెట్టుకుని వుండడం బాగా తెలుసు.

నేను అక్కడ దిగడానికి కారణం మా కాలేజీ విద్యార్థులు. వాళ్లకు పరుగుల పిచ్చి పట్టుకున్నది. ఏ బహుమతి కోసమో కాదు, ధర్మనిధి కోసం. సుమ్మాదేవి స్టేషను దగ్గర బయలుదేరి, ఉద్దానం ఊళ్ల మీదుగా సముద్రం దాకా పరుగెత్తాలట. ఒక్కొక్కరూ తమ బంధువులను, స్నేహితులను అడిగి, తాము పరుగెత్తే ప్రతి కిలోమీటరుకూ ఇంతని చందా రాయించుకోవాలట. ఆ సొమ్ము ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారికి ఇవ్వాలట. “ముందు దారి చూసి వద్దాం, మీరూ రండి మాస్టారూ” అన్నారు ఇద్దరు కుర్రవాళ్లు. వాళ్లలో ఒకడిది ఈ ప్రాంతమే. పరుగెత్తమంటే ఆలోచించేవాణ్ణి గాని, నడవడానికేమి అభ్యంతరం?

“ఒకడు పరుగెత్తితే మరొకడు డబ్బెందుకివ్వాలి?” అని మా ఇంట్లోనే ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. అయితే శరీరాన్ని కష్టపెట్టి పుణ్యం సంపాదించడం మనకు కొత్త కాదు. ఆషాఢ పూర్ణిమకు సింహాచలం కొండ చుట్టూ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు గిరిప్రదక్షిణ చేసేవారు లక్షల్లో వున్నారు. దారి పొడుగునా వాళ్లకు మజ్జిగ, పులిహోర పంచేవారూ వున్నారు. నడిచేవాడి కష్టాన్ని చూసి చూసేవాడి చెయ్యి జేబులోకి పోతుంది. ఈ పరుగుల్లో వున్న రహస్యమూ అదే. కాకపోతే ఇక్కడ కష్టం ఒకరిది, ఫలం ముక్కూ మొహం తెలియని మరొకరిది.

దీనికి దారి చూపినవారిలో కెనడా దేశపు టెర్రీ ఫాక్స్ ముఖ్యుడు. 1977లో, పద్దెనిమిదేళ్ల వయస్సులో, ఎముక కాన్సరు వచ్చి అతని కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రిలో తన చుట్టూ చూసిన రోగుల బాధను అతను మరిచిపోలేకపోయాడు. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ అనే రేవు పట్టణంలో తన కృత్రిమమైన కాలును అట్లాంటిక్ నీటిలో ముంచి, దేశానికి ఆ చివర వున్న పసిఫిక్ సముద్రం వైపు పరుగు మొదలుపెట్టాడు. రోజుకు నలభై కిలోమీటర్లకు తగ్గకుండా పరుగెత్తాలని అతని నియమం. దేశంలో ప్రతివారూ ఒక్కొక్క డాలరు కాన్సరు పరిశోధనకు ఇవ్వాలని అతని కోరిక. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, సెప్టెంబరు 1న, జబ్బు ఊపిరితిత్తులకు పాకి అతన్ని ఆపేసింది. అతను పసిఫిక్ తీరం చేరలేదు. కాని మరుసటి ఫిబ్రవరికి నిధి రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటింది. ఆనాటి కెనడా జనాభా కూడా రమారమి అంతే. 1981 జూన్ 28న, ఇరవై మూడేళ్లు నిండకుండానే, అతను కన్నుమూశాడు. ఆ సెప్టెంబరు నుంచే అతని పేర ఏటేటా పరుగు జరుగుతున్నది. అందులో మొదటి బహుమతి వుండదు. వ్యాపారస్తుల ప్రకటనలూ వుండవు. బతికివుండగా తన పరుగును సరుకుల ప్రచారానికి వాడుకోనివ్వలేదతను.

అదే 1981లో, మార్చి 29న, లండనులో మొదటి మారథాన్ జరిగింది. ముందు వచ్చిన ఇద్దరిలో ఒకరు అమెరికావాడు, ఒకరు నార్వేవాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒక్కసారే గీత దాటారు. ఆ పరుగు పేరు మీద ధర్మకార్యాలకు ఇప్పటిదాకా వందకోట్ల పౌన్లకు పైగా పోగయింది. మనదేశంలో 2004లో మొదలైన ముంబయి మారథాన్ ఎన్నో సేవాసంస్థలకు విరాళాలు తెచ్చిపెడుతున్నది. మన హైదరాబాదులోనూ గచ్చిబౌలి దగ్గర కాన్సరు మీద జనానికి తెలివిడి కలిగించడానికీ, పల్లెల్లో ఉచిత పరీక్షలకూ గ్రేస్ కాన్సర్ ఫౌండేషన్ పరుగులు పెట్టిస్తున్నది. ఇవన్నీ మా కుర్రవాళ్లకు కంఠతా వచ్చు. ఛందస్సు కూడా ఇంత శ్రద్ధగా వల్లిస్తే ఎంత బాగుండునో!

ఇక ఉద్దానం జబ్బు సంగతి. 1990ల నుంచీ ఈ ఊళ్లలో మూత్రపిండాలు మెల్లమెల్లగా చెడిపోయే వ్యాధి వైద్యుల కంటబడుతున్నది. మామూలుగా ఈ జబ్బు షుగరు వ్యాధి వున్నవారికీ, రక్తపోటు వున్నవారికీ వస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేనివారికి, అందులోనూ పొలం పనులు చేసుకునేవారికి ఎక్కువగా వస్తున్నది. నీటిలో ఏదో వుందని కొందరు, ఎండలో నీళ్లు చాలక పనిచెయ్యడమని కొందరు, నొప్పిమాత్రల వాడకమని కొందరు అన్నారు. దేశంలోని వైద్యులూ, విదేశాల నుంచి వచ్చినవారూ పరిశోధనలు చేశారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. శ్రీలంకలోని వరిరైతులలో, మధ్య అమెరికాలోని చెరకుతోటల కూలీలలో కూడా ఇటువంటి జబ్బే వుంది. అక్కడా ఇదే చిక్కు.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. 2019లో డయాలిసిస్ మీద వున్నవారికి నెలకు పదివేల రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఈ ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా ఆనాడే ప్రారంభించారు. ఇంత జరిగాక మా కుర్రవాళ్లు పరుగెత్తి పోగుచేసే నాలుగు రూకలతో అయ్యేదేమిటి? నా మనస్సులో వున్న సందేహం అది. ఆ సందేహంతోనే నడక ప్రారంభించాను.

స్టేషను వదిలిన తరువాత దారి తోటల మధ్యకు వచ్చింది. జీడిమామిడి నీడ నేలకు దగ్గరగా, చిక్కగా వుంటుంది. కొబ్బరి నీడ గాలికి అటూ ఇటూ కదులుతుంది. రెండు నీడలూ మారుతూ వుంటే నడిచేవాడికి అలసట తెలియదు. ఇళ్ల ముందు కొబ్బరిపీచు ఆరబోసి వుంది. ఒక అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని జీడిగింజలు కొడుతున్నారు. ఆ జీడి రసం అంటితే చెయ్యి పొక్కుతుంది. అందుకని వేళ్లకు బూడిద రాసుకుంటున్నారు. మనం పాయసంలో వేసుకునే పప్పు వెనుక ఆ నల్లబడిన వేళ్లున్నాయి.

ఒక ఊళ్లో రావిచెట్టు కింద టీ బడ్డీ దగ్గర ఆగాం. చెట్టు చుట్టూ కట్టిన గట్టు మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చుని వున్నారు. మా కుర్రవాడు సంచీలోంచి తాము రాసుకున్న ప్రకటన కాగితం తీసి చూపించాడు. పెద్ద అక్షరాలతో ‘కిడ్నీ రోగుల కోసం పరుగు’ అని వుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు కళ్లజోడు సర్దుకుని నిదానంగా చదివారు. చదివి, కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు.

“ఏటి బావూ, మీరు మంచోళ్లే. కాదననేదు. కానీ ఈ రాత మా ఊర్లంట తిప్పితే మాకు మేలా, కీడా?” అన్నారు.

“అదేమిటి బాబాయిగారూ?” అన్నాను.

“మా మనవరాలికి రెండేళ్లుగా సంబంధాలు సూస్తన్నాం. పిల్ల డిగ్రీ సదివింది. జాతకం కుదిరింది, కట్నం కుదిరింది. ఏ ఊరని అడిగి ఊరుకుంటన్నారు. పిల్లకి ఏ జబ్బూ నేదు. ఊరికే జబ్బు. ఇంక మీరు సొక్కాల మీద కూడా రాసుకొని పరిగెడితే ఏటవుతాది?”

మా కుర్రవాళ్లు మాట్లాడలేదు. టీ గ్లాసులు చేతుల్లోనే చల్లారిపోయాయి. పెద్దాయనకు కోపం లేదు. చెప్పవలసిన మాట చెప్పేసి, మా టీ డబ్బులు తనే ఇచ్చారు.

“జాలి అన్నది సెడ్డది బావూ. గున్నమ్మ పుట్టిన సీమ ఇది” అన్నారాయన.

చదువరులలో కొందరికి ఈ పేరు తెలియకపోవచ్చు. మందస జమీందారీలో రైతులు అడవి కట్టెల మీద తమ హక్కు కోసం పోరాడుతూ వుంటే, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆనాడు ప్రాణాలు ఇచ్చినవారిలో సాసుమాను గున్నమ్మ ఒకరు. అప్పటికామె గర్భవతి. ఆ నెలకు ముందే అఖిలభారత కిసాన్ సభ పలాసలో జరిగింది. ఇక్కడివారికి అడగడం తెలుసు, ఎదిరించడం తెలుసు. చెయ్యి చాచడం మాత్రం వాళ్ల అలవాట్లలో లేదు.

ఇంతలో బడ్డీ వెనక ఇంట్లోంచి ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మాటలన్నీ విన్నట్టుంది. “మీ పరుగు డబ్బులు దేనికి ఇస్తారు బావూ?” అని సూటిగా అడిగింది.

“మందులకమ్మా” అన్నాడు మా వాడు.

“మందులు ఆసుపత్రిలో ఇస్తన్నారు. రక్తం కడిగే మిసను కూడా డబ్బులు అడగదు” అన్నది. తరువాత తన ఇంటి లెక్క చెప్పింది. ఆమె భర్తకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ప్రతిసారీ నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో కళ్లు తిరుగుతాయి గనుక ఒంటరిగా పంపడానికి వీల్లేదు. తోడు ఆమె వెళ్లాలి. వెళ్లిన రోజున జీడిగింజల కూలి పోతుంది. పొద్దున్నే బస్సు అందకపోతే ఆటో కట్టించుకోవాలి. పింఛను డబ్బు ఇంటికి, ఆటోకు, పాత అప్పుకు సరిపోతుంది. “తోడెల్లినోల్ల కూలి ఎవులిస్తారు బావూ? జబ్బు ఒకరిదే. మంచాన పడేది ఇద్దరం” అన్నది.

వారానికి మూడు రోజులంటే ఏడాదికి 156 రోజులు. గంటల్లో చెబితే 624 గంటలు యంత్రం పక్కన. ఒకటి రెండు గంటలు పరుగెత్తి ఘనకార్యం చేశామనుకునేవారి ఎదుట, పండగనీ పబ్బమనీ లేకుండా ఏడాది పొడుగునా సాగే పరుగు ఇది. ఆ పరుగులో పక్కన నడిచే భార్యను గాని, కొడుకును గాని ఏ పట్టికలోనూ ఎవరూ రాయరు. నా సందేహానికి సమాధానం అక్కడ దొరికింది. 700 కోట్లతో నీళ్లు తెచ్చినా, 200 పడకలతో ఆసుపత్రి కట్టినా, తోడు వెళ్లే మనిషి ఆటో డబ్బులు ఏ పద్దులోనూ లేవు. చిన్న సొమ్ముకు చిన్న ఖాళీలే తగినవి. ఆ ఖాళీ ఎక్కడ వుందో ఊరికి వచ్చి అడిగితేనే తెలుస్తుంది.

ఆ తరువాత రావిచెట్టు కింద పెద్ద సభే అయింది. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లంతా చేరారు. చివరకు కుదిరిన ఒప్పందం ఇది. ప్రకటన మీద జబ్బు పేరు వుండదు, ‘ఉద్దానం పరుగు’ అని మాత్రం వుంటుంది. రోగులను వరసగా నిలబెట్టి ఫొటోలు తియ్యరు, శాలువాలు కప్పరు. పోగయిన సొమ్ము తోడు వెళ్లేవారి దారిఖర్చుకు, పోయిన కూలికి ఇస్తారు. ఎవరికి ఎంత ఇచ్చారో పేర్లు చదవరు. కాని మొత్తం ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో రామమందిరం ముందు అందరూ వినేటట్టు లెక్క చదువుతారు.

పరుగు ఎప్పుడు పెట్టాలన్నదాని మీద కూడా చర్చ జరిగింది. మా వాళ్లు వేసవి సెలవులన్నారు. పెద్దాయన నవ్వారు. “ఎండలో నీల్లు తాగకుండా పనిసేస్తే పిక్కలు పాడవుతాయని డాక్టర్లు మాకు సెప్తన్నారు. మీ పిక్కలు ఇనప పిక్కలేటి?” అన్నారు. ఆయన మాటలో శాస్త్రం వుంది. 2015లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో పరుగెత్తిన 22 మందిని యేల్ విశ్వవిద్యాలయం వారు పరీక్షిస్తే, నూటికి 82 మందిలో పరుగు కాగానే మూత్రపిండాలకు కొద్దిపాటి దెబ్బ తగిలిన లక్షణాలు కనిపించాయి. రెండు రోజుల్లో సర్దుకున్నాయి లెండి. ఒంట్లో వేడి పెరగడం, నీరు తగ్గడం అందుకు కారణాలు కావచ్చునన్నారు. ఒళ్లు నొప్పులని నొప్పిమాత్రలు మింగి పరుగెత్తితే మరింత ముప్పు. పొలం పని చేసి వచ్చి మాత్ర మింగేవారికీ ఇదే హెచ్చరిక. అందువల్ల పరుగు మార్గశిర మాసంలో, తెల్లవారకముందే అని నిశ్చయమైంది. దారిలో ప్రతి ఊరి మొదట్లో మంచినీళ్లు, కొబ్బరిబొండాలు వుంటాయి. బొండాలు ఊళ్లవాళ్లే ఇస్తారట. “మా ఊరొచ్చినోల్లకి దాహం మేం తీరుస్తాం. అది సందా కాదు, మర్యాద” అన్నది ఇందాకటి ఆమె. నొప్పిమాత్ర మింగి వచ్చినవాణ్ణి బయలుదేరనివ్వకూడదని కూడా రాసుకున్నారు.

పొద్దు వాలుతుండగా మిగిలిన దారి నడిచాం. తోటలు పలచబడ్డాయి. సరుగుడు చెట్ల హోరూ, సముద్రపు హోరూ కలిసి ఏది ఏదో తెలియలేదు. ఇసుకదిబ్బ ఎక్కితే ఎదుట నీళ్లు. ఒడ్డున పడవలు బోర్లించి వున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న జాలరులు మమ్మల్ని చూసి, ఎవరింటికని అడిగారు. ఇక్కడి దాకా పరుగెత్తుకు రాబోతున్నామని మా వాళ్లు చెబితే, తరిమేదెవరని అడిగి నవ్వారు.

పలాస నుంచి ఈ తీరానికి రావలసినవారు కారులో గంటలో వచ్చి చూసి వెళ్లవచ్చు. కాని నా మాట విని పాసింజరు బండి ఎక్కి సుమ్మాదేవిలో దిగండి, నడిచి రండి. జీడిపప్పు, పనసపండు కొనుక్కోండి, కొబ్బరినీళ్లు తాగండి. ఊరి పేరు చెప్పగానే మొహం చిన్నబుచ్చుకుని జబ్బు సంగతి ఎత్తకండి. పిల్లల చదువుల గురించి అడగండి, తోటల కాపు గురించి అడగండి. మీ ఇంట్లో పెళ్లికెదిగిన కుర్రవాడుంటే ఈ సీమలో సంబంధం చూడండి. ఇది పరుగు కన్నా కష్టమైన పని కాదు.

రావిచెట్టు దగ్గర సెలవు తీసుకునేటప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్న ఒకటి చెప్పడం మరిచాను. “ముందొచ్చినోడికి ఏటిస్తారు?” అన్నారు. ఏమీ ఇవ్వమనీ, ముందూ వెనకా లెక్క లేదనీ చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించారు. “అయితే నా పేరు కూడా రాసుకోండి. ఈ ఊరి మొదలు నుంచి ఆ కొస దాకా నడుస్తాను. మా మనవరాలు పరిగెడతాది” అన్నారు. మా కుర్రవాడు సంచీలోంచి నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో ఆ రెండు పేర్లూ రాసుకున్నాడు.